మాస్కో బాబాయిగారి "నేను"

టెక్సస్‌లోని ఇర్వింగ్ పరిసర ప్రాంతాల తెలుగు ప్రజలకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా: మా కిరాణా కొట్టు వెనక ఉన్న టిఫిన్ కౌంటర్‌లో, కుడి పక్క చిన్న పొయ్యి మీద, ప్రతిరోజూ ప్రత్యేకంగా కాచబడుచుండిన పాలు లేని టీ గత సోమవారం నుంచి నిరవధికంగా నిలిపివేయబడినది. ఈ నిర్ణయం వల్ల అసౌకర్యానికి గురయ్యే వినియోగదారులు ఎవరూ లేరు. ఉన్న ఒక్కరూ శనివారం పొద్దున పోయారు.

పోయినాయన్ని మేమంతా మాస్కో బాబాయిగారు అనేవాళ్లం. వాళ్లమ్మాయి ఫోన్ చేసేటప్పటికి నేను గారెలపిండి రుబ్బుతున్నాను. "అన్నయ్యా, నాన్న పోయారు. హాస్పిటల్లోనే. నిద్రలోనే పోయారన్నారు" అంది. ఏదో ఒకటి అనాలి కదా, "టీ పెట్టేశానమ్మా" అన్నాను. నిజంగానే పెట్టేశాను. ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో కూడా పొయ్యి వెలిగించగానే చెయ్యి అటే పోయేది. ఆ గిన్నెడు టీ పారబొయ్యలేక నేనే తాగాను. ఇన్నేళ్లూ ఆయన దాన్ని ఎలా తాగారో నాకు ఇప్పటికీ తెలీదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఎనిమిదో తరగతిలో బడికి దండం పెట్టినవాణ్ణి. మా ఆవిడ నర్సు ఉద్యోగం మీద అమెరికా వచ్చింది, నేను మా ఆవిడ మీద వచ్చాను. దోసెలు పోస్తాను. ఖాళీ దొరికితే జనాన్ని ఆటపట్టిస్తాను. ఖాళీ దొరక్కపోయినా పట్టిస్తాను.

బాబాయిగారిది తెనాలి పక్కన పల్లెటూరు. కుర్రతనంలో చదువుకోవడానికి మాస్కో వెళ్లి, రష్యన్ నేర్చుకుని, అక్కడే దుబాసీగా స్థిరపడ్డారు. మనవాళ్లు యంత్రాలు కొనడానికి వెళితే మధ్యలో కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవెయ్యడం ఆయన ఉద్యోగం. ఆ దేశం ముక్కలయ్యాక మనవాళ్లు రావడం తగ్గింది. అమెరికావాళ్లూ జర్మనీవాళ్లూ రావడం మొదలైంది. ఆయన ఇంగ్లీషుకి గిరాకీ పెరిగింది. పెద్దతనంలో భార్య పోయాక, తెనాలిలో అమ్మమ్మ దగ్గర పెరిగి రష్యన్ ముక్క రాని కూతురి దగ్గరికి ఇర్వింగ్ వచ్చేశారు. పొద్దున్నే అల్లుడుగారు ఆఫీస్‌కి పోతూ ఆయన్ని మా కౌంటర్ దగ్గర డ్రాప్ చేసేవాడు.

పాలు లేని టీ తాగుతూ మధ్యమధ్యలో చెంచాడు జామ్ నోట్లో వేసుకునేవారు. రష్యాలో అంతేనట. ఒకరోజు నేను జామ్ సీసాలో మాగాయ గుజ్జు పెట్టి ఇచ్చాను. ఆయన చెంచా నోట్లో పెట్టుకుని, మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా మింగి, "ఈసారి మీ తోటలో స్ట్రాబెర్రీలు బాగా ఎండినట్టున్నాయిరా" అన్నారు. మా కౌంటర్ చరిత్రలో నేను ఓడిపోయింది ఆ ఒక్కసారే.

వీసాల గురించి కుర్రాళ్లు దిగాలుగా మాట్లాడుకుంటుంటే ఆయన వింటూ కూర్చునేవారు. ఒకసారి ఒక కుర్రాడు, "అంకుల్, స్టాంపింగ్‌కి ఇండియా వెళ్తే తిరిగి రానిస్తారో లేదోనని భయంగా ఉంది" అన్నాడు.

"నీ వీసా మీద పేరున్న దేశం ఉందా, లేదా?" అని అడిగారు బాబాయిగారు.

"ఉంది అంకుల్."

"నాకు ఒకరోజు లేకుండా పోయింది. వీసా ఉంది, దేశం లేదు. ఎవరిని అడగాలో తెలీక వీధిలోకి వెళ్లాను. రొట్టెల కొట్టు ముందు క్యూ మాత్రం ఉంది. పోయి క్యూలో నిలబడ్డాను."

"తర్వాత?"

"రొట్టె దొరికింది" అన్నారు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న పనితనం ఒకటుంది. దుబాసీ "ఆయన ఇలా అంటున్నాడు" అనకూడదట. "నేను" అనే చెప్పాలట. "ఆ పూటకి నీ నోరు అద్దెకిచ్చేశావురా. అద్దెకిచ్చిన వాటాలోకి ఇంటివాడు దూరకూడదు" అనేవారు. మరి నీ గురించి నువ్వు చెప్పుకోవాల్సి వస్తే? అప్పుడు "దుబాసీ" అనాలి. దాహం వేస్తే "దుబాసీకి మంచినీళ్లు కావాలి" అనాలి. ఈ అలవాటు ఆయనకి ఎంత ముదిరిందంటే, మా కౌంటర్ దగ్గర కూడా "దుబాసీకి ఇంకో ఇడ్లీ వెయ్యి" అనేవారు.

అద్దె నోటితో చాలా పడ్డారాయన. దేశం కూలిన కొత్తలో, ప్రభుత్వ ఫ్యాక్టరీలు అమ్మేస్తున్న రోజుల్లో, ఒక అమెరికా సలహాదారుతో ఏదో చలి ఊరికి వెళ్లారట. హాలు నిండా కార్మికులు. సలహాదారు లేచి నవ్వుతూ రెండు మాటలన్నాడు. బాబాయిగారు లేచి, తెనాలి మొహంతో, చక్కటి రష్యన్‌లో, "నేను మీ ఫ్యాక్టరీ మూసేయమని చెప్పడానికి వచ్చాను. కొన్నాళ్లు కష్టంగా ఉంటుంది, ఓర్చుకోండి" అన్నారు. ముందు వరసలోంచి ఒకావిడ రబ్బరు బూటు విప్పి విసిరింది. భుజానికి తగిలింది.

"ఆవిడ కొట్టింది అమెరికా ఆయన్నేరా. తగలడం నాకు తగిలింది" అని నవ్వేవారు.

ఇంకోసారి ఒక విందులో, తాగి ఉన్న రష్యా అధికారి ఎదురుగా ఉన్న పడమటి దేశపు పెద్దమనిషితో, "మా ఇంట్లో వస్తువులన్నీ ఎత్తుకుపోతూ మాకు పొదుపు నేర్పుతున్నావా?" అన్నాడట. బాబాయిగారికి భయం వేసి, "మీ సలహాలు మాకెంతో విలువైనవి" అని మెత్తగా తిప్పి చెప్పారు. పెద్దమనిషి పొంగిపోయి, బల్ల చుట్టూ తిరిగొచ్చి, ఆ అధికారిని కావిలించుకున్నాడు.

"వీళ్లు మనవాళ్లయిపోయారు అనుకుని పడమటాయన ఇంటికి పోయాడు. వీడికి సిగ్గు కూడా లేదు అనుకుని రష్యా ఆయన పోయాడు. నేను ఇంటికి పోయి పడుకోలేకపోయాను. మళ్లీ ఎవరి మాటా మెత్తన చెయ్యలేదురా" అన్నారు. ఆ పదేళ్లూ రెండు పక్షాలవాళ్లూ "అర్థమైంది, అర్థమైంది" అంటూ చేతులు కలిపేవారట. పడమటివాళ్లు మేం గెలిచాం అనుకున్నారు. రష్యావాళ్లు మేం ఓడలేదు, మా అంతట మేమే ఆట ఆపాం అనుకున్నారు. ఒకే బల్ల, ఒకే భోజనం.

మా కౌంటర్‌కి వరంగల్ నుంచి కొడుకు దగ్గరికొచ్చిన రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు కూడా వచ్చేవారు. ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచి ఆయనకి ఇడ్లీ కంటే ముందు తీర్పు కావాలి.

"ఏం సార్, గిప్పుడైనా చెప్పుండ్రి. తప్పెవరిది? అమెరికాదా, రష్యాదా?"

బాబాయిగారు ముందు ఒక కుర్చీలో అమెరికాగా కూర్చునేవారు. "మేం మిమ్మల్ని తక్కువ చెయ్యలేదు. మీ పొరుగువాళ్లే భయపడి మా గొడుగు కిందకి వస్తామన్నారు." లేచి పక్క కుర్చీలోకి, రష్యాగా, మారేవారు. "మీరు మా గుమ్మం దాకా వచ్చి నిలబడి, గుమ్మం ఎక్కలేదుగా అంటున్నారు."

"బాగనే ఉంది. మరి మీ మాట?"

"దుబాసీకి మాట ఉండదండీ."

"గట్ల తప్పించుకుంటరేంది సార్!"

అందరం నవ్వేవాళ్లం. ఆ పొరుగువాళ్ల కుర్చీలో మాత్రం ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. మేమూ కూర్చోమని అడగలేదు.

యుద్ధం నడుస్తుండగా మా కొట్టు పక్క కుట్టుపని షాపులోకి ఒకావిడ పనికొచ్చింది. ఉక్రెయిన్ మనిషి. అమెరికా తాత్కాలికంగా రానిచ్చినవాళ్లలో ఒకరు. మన ఆడవాళ్ల జాకెట్లు సరిచెయ్యడం ఆవిడ పని. వచ్చిన కొన్నాళ్లకే "వదులు", "బిగుతు", "చంక" అనే మూడు తెలుగు ముక్కలు నేర్చుకుని వాటితోనే షాపు నడిపేసింది. గారెలంటే ఇష్టం. మధ్యాహ్నం మా కౌంటర్‌కి వచ్చి వేళ్లు చూపించి కొనుక్కునేది.

మాకు ఆ వైపు నుంచి వచ్చినవాళ్లంతా రష్యావాళ్లే. చిన్నప్పటి నుంచి అలాగే అన్నాం. ఆవిడ మొదటిసారి వచ్చిన రోజున నేను గరిటెతో ప్లేటు మీద గంట కొట్టి, "మాస్కో రాయబారిగారికి మనవి! తమ పుట్టింటి ఆడపడుచు విచ్చేసింది!" అని ప్రకటించాను. బాబాయిగారి మొహం వెలిగిపోయింది. కోటు గుండీ పెట్టుకుని లేచి, రష్యన్‌లో గలగలా పలకరించారు. ఏమన్నారో తర్వాత చెప్పారు. "రామ్మా, మనవాళ్లెవరైనా వస్తారా అని ఎన్నాళ్ల నుంచో చూస్తున్నాను" అన్నారట.

ఆవిడ గారెల ప్లేటు బల్ల మీద పెట్టేసింది. ఇంగ్లీషులో, "అర్థమవుతుంది. మాట్లాడను" అని వెళ్లిపోయింది.

మేనేజరు గారు, "ఏందామె గంత పొగరు?" అన్నారు.

"పొగరు కాదండీ, నాదే తెలివితక్కువ" అన్నారు బాబాయిగారు. "ఎప్పుడో వేరుపడిన ఇంటికి పోయి, ఉమ్మడి కాపురంలా వరసలు కలిపాను. అదీ, వాళ్లింటికి నిప్పు పెట్టినవాళ్ల భాషలో."

క్షమించమని అడగాలన్నా, ఆవిడకి పూర్తిగా అర్థమయ్యేటట్టు చెప్పడానికి ఆయనకి ఉన్నది రష్యనే. ఉక్రెయిన్ భాష వింటే సగం తెలుస్తుందిగానీ మాట్లాడలేరు. చివరికి ఏం చేశారంటే, మంచి ఎండాకాలంలో, టెక్సస్‌లో, మాస్కో నాటి ఉన్ని ఓవర్‌కోటు చంకన పెట్టుకుని కుట్టుపని షాపుకి వెళ్లారు. వెనకే నేనూ వెళ్లాను, చోద్యం చూద్దామని. ఆవిడ కోటు లోపల అంచు తిప్పి చూసింది. అది ఎక్కడ కుట్టిందో ఆవిడకి తెలిసినట్టుంది. ఆయన కేసి చాలాసేపు చూసి, "వదులు?" అంది తెలుగులో.

"వదులేనమ్మా, చిక్కిపోయాను" అన్నారు బాబాయిగారు, ఆయనా తెలుగులోనే.

"బిగుతు?" అని గుండుసూదులు తీసుకుంది.

అప్పట్నుంచి ఇద్దరూ ఆ మూడు ముక్కల తెలుగులోనే బతికారు. ఆవిడ కౌంటర్‌కి వస్తే ఆయన "వదులు" అనేవారు. ఆవిడ "బిగుతు" అనేది. మిగతాది గారెలు చూసుకునేవి.

కొన్నాళ్లకి ఆవిడకిచ్చిన అనుమతి అయిపోవచ్చింది. పొడిగిస్తారో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. ఇక్కడే ఉండనివ్వమని ఆశ్రయం కోసం అడుక్కోవాలి. దానికి ఏం జరిగిందో మొదటి నుంచి చివరి దాకా చెప్పాలి. ఒక చర్చి హాల్లో ఫీజు లేకుండా చూసే లాయరమ్మ దొరికింది. కుట్టుపని ఆవిడ ఇంగ్లీషు జాకెట్లకి సరిపోతుందిగానీ దీనికి చాలదు. ఉక్రెయిన్ భాష తెలిసిన దుబాసీ వస్తానని రాలేదు. గడువు దగ్గరకొచ్చేసింది.

ఒక మధ్యాహ్నం ఆవిడ బాబాయిగారి బల్ల ముందుకొచ్చి నిలబడి, తల వంచుకుని, రష్యన్‌లో ఒక వాక్యం అంది. ఆవిడ నోట ఆ భాష మేం వినడం అదే మొదలు. ఆయన లేచి నిలబడి తలూపారు. లాయరమ్మ దగ్గరికి దుబాసీగా రమ్మని అడిగిందట.

ఆవిడ వెళ్లాక మేనేజరు గారు ప్లేటు పక్కకి జరిపారు. "సార్, నేను తప్పుగ అంటలేను. మీకు సదువు చెప్పిన దేశం. తిండి పెట్టిన దేశం. దానిమీద మీ నోటితోని చెప్తరా?"

"నా నోరు కాదండీ. ఆవిడకిచ్చాను."

"ఇయ్యకుంటే ఏమాయె?"

బాబాయిగారు టీ గ్లాసు దగ్గరికి లాక్కున్నారు. ఆ రోజు జామ్ ముట్టుకోలేదు.

నేనే కార్‌లో ఇద్దర్నీ తీసుకెళ్లాను. ఆవిడ వెనక కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. హైవే ఎక్కాక బాబాయిగారు తెలుగులో, "దారి తెలుసా నీకు?" అని అడిగారు.

"జీపీఎస్ ఉంది బాబాయిగారూ."

"అది పొరపాటున ఎటైనా తీసుకుపోదా?"

"పోదండీ."

"అంతేలే" అన్నారు.

హాల్లో ఒక మూల గది. లాయరమ్మ చిన్నపిల్లే, మర్యాదస్తురాలు. నేను బయట కూర్చుంటానంటే బాబాయిగారు, "ఉండరా" అన్నారు. కుట్టుపని ఆవిడ కూడా సరేనంది. మొదలుపెట్టే ముందు ఆయన ఆవిడకి రష్యన్‌లో ఏదో చెప్పి, అదే ఇంగ్లీషులో లాయరమ్మకి చెప్పారు. ఒక వాక్యం చెప్పి ఆగాలి. తను పూర్తిచేసేదాకా చోటివ్వాలి. అప్పుడు రెండోది.

ఆవిడ ఒకటి చెప్పి ఆగింది. ఇక్కడ రాసేదంతా ఆయన ఇంగ్లీషులో అన్నదే, నాకు అందినంత.

"నేను వంటింట్లో ఉన్నాను."

ఆవిడ మళ్లీ చెప్పి ఆగింది.

"మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. నేలమాళిగలోకి దిగలేనంది. నేను దిగాను."

అలా నడిచింది. మీసాలు తెల్లబడిన తెనాలి ముసలాయన, "నేను ఆ అపార్ట్‌మెంట్లో పుట్టాను", "నేను జాకెట్లు కాదు, పెళ్లి గౌన్లు కుట్టేదాన్ని" అని చెప్పుకుంటూ పోతుంటే ఇంకెక్కడైనా నేను నవ్వేవాణ్ణి. ఒక్కో వాక్యం దగ్గర ఆవిడ గొంతు ఎంత ఉందో ఆయన గొంతూ అంతే ఉండేది. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

లాయరమ్మ, "ఎవరు చేశారు?" అని అడిగింది.

ఆవిడ చెప్పింది. చాలాసేపు, ఆగకుండా చెప్పింది. చెప్తున్నంతసేపూ ఆయన్నే చూసింది. ఆగాక లాయరమ్మ బాబాయిగారి వైపు తిరిగింది. ఆ విందులో చేసినట్టు మెత్తన చేస్తారేమోనని నాకనిపించింది. చేస్తే కనిపెట్టడానికి ఆ గదిలో ఎవరున్నారు? ఆవిడకి అంత ఇంగ్లీషు రాదు. లాయరమ్మకీ నాకూ రష్యన్ రాదు.

బాబాయిగారు చెప్పారు. "రష్యా సైన్యం నా ఇల్లు కూల్చింది. మా అమ్మని చంపింది. పొరపాటున కాదు. నాకు చిన్నప్పుడు పాటలు నేర్పిన భాషలోనే రేడియోలో, ఆ ఇంట్లో మనుషులే లేరని, నేను అక్కడ లేనే లేనని చెప్పారు. ఇదంతా మీకు ఆ భాషలోనే చెప్పాల్సి వస్తోంది. అది నా నోట్లో ఉండడం నాకిష్టం లేదు."

లాయరమ్మ టైప్ చేస్తోంది. బాబాయిగారు చేతులు బల్ల మీద ఆనించి, అదే గొంతుతో, "దుబాసీ ఒక్క నిమిషం ఆగమంటున్నాడు" అన్నారు.

ఆగారు. నేను మంచినీళ్లు తెచ్చిచ్చాను. తాగి, ఆవిడ వైపు తలూపారు. ఆవిడ తర్వాతి వాక్యం మొదలుపెట్టింది.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ వెనక సీట్లో నిద్రపోయింది. ఇర్వింగ్ దగ్గర పడ్డాక బాబాయిగారు, "ఒరే, నేను ఆగమనే ముందు ఆవిడ అన్న వాక్యం రష్యన్‌లో ఎంత బాగుందనుకున్నావు. ఇంగ్లీషులో దానికి సగం కూడా తేలేకపోయాను" అన్నారు. ఆ దేశం గురించి ఆ రోజు ఆయన అన్నది అంతే.

మర్నాడు మేనేజరు గారు అడగనే అడిగారు. "ఏమన్నరు సార్, ఆడ?"

"నేనేమీ అనలేదండీ. ఆవిడ అంది."

మేనేజరు గారు జామ్ సీసా ఆయన వైపు జరిపారు. ఆ తర్వాత ఆ కౌంటర్ దగ్గర తీర్పులు అడగడం తగ్గింది. కుట్టుపని ఆవిడ దరఖాస్తు గడువులోపే వెళ్లింది. జవాబు ఇంకా రాలేదు. అందాకా ఇక్కడే ఉండి పని చేసుకోవచ్చన్నారు, చేసుకుంటోంది. బాబాయిగారికి చలికాలంలో ఊపిరితిత్తులకి నెమ్ము చేసింది. తగ్గుతున్నట్టే ఉండి, తగ్గలేదు.

సోమవారం దహనానికి ముందు, ఫ్యూనరల్ హోమ్ హాల్లో ఆయన్ని చూడనిచ్చారు. అమ్మాయీ అల్లుడూ, మేనేజరు గారు, కౌంటర్ కుర్రాళ్లు కొందరు, నేను.

ఇక, దీన్ని చదివి బాబాయిగారి అమ్మాయి నన్ను నిలదీయకముందే చెప్పేస్తున్నాను. ఇందులో కొన్ని నేను కల్పించినవి. మాగాయ ఆయన మింగలేదు. ఉమ్మేసి, నన్ను తిట్టి, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బూటు విసిరిన మాట నిజమే, తగల్లేదు. భుజానికి తగిలినట్టు రాస్తే బాగుంటుందని తగిలించాను. ఓవర్‌కోటు పట్టుకెళ్లింది ఎండాకాలంలో కాదు, నవంబర్లో. జీపీఎస్ గురించి ఆయన అడగలేదు. దారంతా కళ్లు మూసుకుని కూర్చున్నారు, ఆ మాటలు నేనే అనిపించాను. జామ్ సీసా జరిపింది మేనేజరు గారు కాదు, నేను. లాయరమ్మ గదిలో జరిగింది మాత్రం మార్చలేదు.

హాల్లో జరిగిందీ మార్చట్లేదు. కుట్టుపని ఆవిడ అందరికంటే ఆఖర్న వచ్చింది. పెట్టె దగ్గర నిలబడి, చిన్న గొంతుతో, రష్యన్‌లో మాట్లాడింది. ఏమందో మాలో ఎవరికీ తెలీదు. కల్పించి రాయడం నాకు కష్టం కాదుగానీ, రాయట్లేదు. ఒక వాక్యం చెప్పి ఆగింది. ఆయన మొహం కేసి చూస్తూ, ఆయన పూర్తిచేసేటంతసేపూ ఆగింది. అప్పుడు రెండోది చెప్పింది. మళ్లీ ఆగింది.